ఆరోగ్య గణాంకాలను వాడే ముందు: అంచనాను చదవడం, సరిచూడడం, రాయడం

2004–05లో గుంటూరు జిల్లాలో 15 నుంచి 49 ఏళ్ల వయసువారిలో ఎంతమందికి హెచ్‌ఐవీ ఉందన్న ప్రశ్నకు రెండు జవాబులు వచ్చాయి. ప్రభుత్వం అప్పట్లో అనుసరిస్తున్న పద్ధతిలో లెక్కిస్తే 1,12,600 మంది అని వచ్చింది. పరిశోధకుల బృందం ఒకటి జిల్లాలోని పల్లెల్లోనూ పట్టణాల్లోనూ ఎంపిక చేసిన 66 క్లస్టర్లలో (ఇళ్ల సముదాయాల్లో) ఇంటింటికీ వెళ్లి, 12,000 మందికి పైగా రక్త నమూనాలు సేకరించి లెక్కిస్తే 45,900 అని తేలింది. జిల్లా ఒకటే, వైరస్ ఒకటే, కాలమూ ఒకటే అయినా మొదటి సంఖ్య రెండోదానికి రెండున్నర రెట్లు ఉంది. ఎవరూ దొంగలెక్క రాయలేదు. తేడా అంతా మనుషులు లెక్కలోకి ఏ దారిన వచ్చారన్న దగ్గరే ఉంది.

థీసిస్ రాస్తున్న పీజీ వైద్య విద్యార్థులు, ప్రజారోగ్య నివేదికలు తయారుచేసేవారు, ఆరోగ్య వార్తలు రాసే విలేఖరులు రోజూ ఇలాంటి సంఖ్యలను ఎక్కడినుంచో తీసుకుని తమ రాతలో పెడుతుంటారు. ఆ పని చేసే ముందు ఏమేం చూసుకోవాలో, వీలైనంతవరకు గుంటూరు ఉదాహరణనే పట్టుకుని, ఈ వ్యాసంలో వివరిస్తాను.

లెక్కలోకి వచ్చినవారు ఎవరు?

అప్పటి ప్రభుత్వ పద్ధతి పేరు సెంటినల్ సర్వేలెన్స్. ఎంపిక చేసిన ప్రభుత్వాసుపత్రులకు ఏటా కొన్ని వారాలపాటు గర్భిణీ పరీక్షల కోసం వచ్చే మహిళల నుంచి, సిఫిలిస్ పరీక్షకు తీసిన రక్తంలో మిగిలిన భాగాన్ని పేరూ ఊరూ లేకుండా హెచ్‌ఐవీ పరీక్షకు పంపేవారు. ఒక్కో కేంద్రం నుంచి 400 నమూనాలు తీసుకునేవారు. సుఖవ్యాధుల క్లినిక్‌ల నుంచి 250 చొప్పున మరికొన్ని నమూనాలు వచ్చేవి. గర్భిణుల్లో కనిపించిన శాతాన్ని సాధారణ జనాభాకు వర్తింపజేసి, సుఖవ్యాధుల క్లినిక్‌లలో కనిపించిన శాతాన్ని ఆ వ్యాధులు ఉంటాయని అనుకున్న వయోజనుల వాటాకు వర్తింపజేసి, రెండింటినీ కలిపి జిల్లా మొత్తం సంఖ్య తేల్చేవారు.

ఈ పద్ధతి ఉద్దేశం వేరు. ఏటేటా అదే కేంద్రంలో, అదే రకం రోగుల్లో శాతం పెరుగుతోందా తగ్గుతోందా అని కనిపెట్టడానికి అది చక్కగా పనికివస్తుంది. జిల్లాలో మొత్తం ఎంతమంది ఉన్నారని చెప్పమన్నప్పుడే చిక్కు వస్తుంది. గుంటూరు అధ్యయనం చూపిన కారణాలు మూడు. సుఖవ్యాధుల క్లినిక్‌ల నుంచి తెచ్చి కలిపిన వాటా అనవసరంగా సంఖ్యను పెంచింది. హెచ్‌ఐవీ ఉందని తెలిసినవారిని, ఉందేమోనని అనుమానించినవారిని ప్రైవేటు ఆసుపత్రులు ప్రభుత్వాసుపత్రులకు పంపించేవి కనుక అక్కడి శాతం ఊళ్లోని శాతం కన్నా ఎక్కువగా ఉండేది. ప్రభుత్వాసుపత్రులకు ప్రధానంగా పేదవర్గాలవారు వెళతారు కాబట్టి అక్కడ కనిపించింది జిల్లా అంతటి చిత్రం కాదు.

మీరు వాడబోయే సంఖ్య ఏదైనా సరే, మొదట ఇదే విషయం విచారించాలి. ఆసుపత్రి రికార్డుల నుంచి వచ్చినదైతే ఆ ఆసుపత్రికి ఎవరు వెళతారో, ఎవరిని అక్కడికి రిఫర్ చేస్తారో తెలుసుకోవాలి. బోధనాసుపత్రిలో ఒక వార్డులో చూసిన శాతాన్ని ‘జిల్లాలో’ అని రాయడం మన థీసిస్‌లలో తరచుగా కనిపించే పొరపాటు. వైద్యశిబిరం నుంచి వచ్చిన సంఖ్య అయితే ఇంకా జాగ్రత్త కావాలి, ఎందుకంటే ఒంట్లో బాగోలేదని అనుకున్నవారే పని మానుకుని శిబిరానికి వస్తారు.

అలాగని ఇంటింటి సర్వే సర్వరోగ నివారిణి కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఇళ్లలో నివసించేవారినే కలుస్తుంది. హాస్టళ్లలో, జైళ్లలో, లారీల మీద, పని ప్రదేశాల్లోని గుడారాల్లో ఉండేవారు దాని చేతికి చిక్కరు. హెచ్‌ఐవీ లాంటి వ్యాధిలో ఎక్కువ ముప్పు ఉన్నవారిలో చాలామంది సరిగ్గా వాళ్లే. ఇంట్లో ఉండి కూడా రక్తం ఇవ్వడానికి ఒప్పుకోనివారి సంగతి మరొకటి. అందుకే సర్వే నివేదిక తెరవగానే ఎంతమందిని అడిగారు, ఎంతమంది ఒప్పుకున్నారు అన్న పట్టికను చూడాలి. ఒప్పుకోనివారు పురుషుల్లోనో, పట్టణాల్లోనో ఎక్కువగా ఉంటే తుది శాతం ఎటు ఒరిగి ఉంటుందో ఆలోచించుకోవాలి.

సంఖ్య మారితే వ్యాధి మారినట్టేనా?

2005కు గాను భారతదేశంలో 52 లక్షల మందికి హెచ్‌ఐవీ ఉందని జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ చెప్పింది. ఐక్యరాజ్యసమితి ఎయిడ్స్ విభాగం యూఎన్ ఎయిడ్స్ 57 లక్షలంది. ఈ రెండింటి మధ్య తేడాకు ముఖ్య కారణం వయసు: మొదటిది 15–49 ఏళ్లవారి లెక్క, రెండోది పిల్లలనూ 50 ఏళ్లు దాటినవారినీ కలిపిన లెక్క. ఆ తర్వాత 2005–06 కుటుంబ ఆరోగ్య సర్వేలో లక్ష మందికి పైగా రక్తపరీక్ష చేస్తే 15–49 ఏళ్లవారిలో 0.28 శాతం మందికి హెచ్‌ఐవీ కనిపించింది. సెంటినల్ కేంద్రాల సంఖ్యను కూడా బాగా పెంచి, అన్ని ఆధారాలనూ కలిపి, 2007 జులైలో కొత్త అంచనా ప్రకటించారు. దాని ప్రకారం దేశంలో సుమారు 25 లక్షల మంది, అంటే వయోజనుల్లో 0.36 శాతం మంది హెచ్‌ఐవీతో జీవిస్తున్నారు.

సంఖ్య సగానికి పైగా తగ్గింది, వ్యాధి మాత్రం ఒక్క ఏడాదిలో సగం కాలేదు. నిపుణులు అప్పుడు చేసిన ముఖ్యమైన పని ఏమిటంటే, కొత్త పద్ధతితోనే అంతకుముందు సంవత్సరాలను కూడా తిరిగి లెక్కకట్టి, ఒకే కొలతతో కొలిచిన వరుసను తయారుచేశారు. పాత నివేదికలోని 2005ను, కొత్త నివేదికలోని 2006ను పక్కపక్కన పెట్టి గీత గీయడం తప్పు. కొత్త నివేదికలో ఇచ్చిన వరుస మొత్తాన్నీ వాడాలి.

ఈ నియమం నేటికీ వర్తిస్తుంది. 2023 జాతీయ అంచనా ప్రకారం దేశంలో హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారు 25 లక్షలకు కాస్త పైగా ఉన్నారు. 2007లో ప్రకటించిన 25 లక్షలను దీని పక్కన పెట్టి ‘పదిహేడేళ్లుగా పరిస్థితి ఉన్నచోటే ఉంది’ అని రాస్తే అది రెండు రకాలుగా తప్పు. మొదటిది, రెండు అంచనాల పద్ధతులు వేరు. రెండోది, ఇది వ్యాధితో జీవిస్తున్నవారి సంఖ్య. 2004 ఏప్రిల్ నుంచి ప్రభుత్వం హెచ్‌ఐవీని అణచి ఉంచే ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇస్తోంది. మందుల వల్ల జనం బతుకుతుంటే, కొత్తగా సోకేవారు బాగా తగ్గినా జీవిస్తున్నవారి సంఖ్య తగ్గదు. చనిపోకుండా ఉండడం వల్ల పెరిగిన సంఖ్యను వైఫల్యంగా చూపించడం ఎంత అన్యాయమో ఆలోచించండి. ఉన్న కేసులు, కొత్త కేసులు, మరణాలు – ఈ మూడింటిలో మీ ప్రశ్నకు ఏది కావాలో ముందే తేల్చుకోవాలి.

పరీక్ష, నిర్వచనం

ఇళ్లకు వెళ్లి సరైన మనుషులనే కలిసినా, వాడిన పరీక్ష సంఖ్యను తారుమారు చేయగలదు. ఇది కాగితం మీద వేసి చూస్తేగాని నమ్మబుద్ధి కాదు. ఒక వ్యాధి నిజానికి 0.3 శాతం మందికి ఉందనుకుందాం. లక్షమందికి పరీక్ష చేశాం. ఆ పరీక్ష వ్యాధి ఉన్నవారిలో 99 శాతం మందిని పట్టుకుంటుంది (దీన్ని సెన్సిటివిటీ అంటారు). లేనివారిలో 99.5 శాతం మందికి లేదనే చెబుతుంది (ఇది స్పెసిఫిసిటీ). వినడానికి ఇది చాలా మంచి పరీక్ష. వ్యాధి ఉన్న 300 మందిలో 297 మంది పాజిటివ్ వస్తారు. వ్యాధి లేని 99,700 మందిలో అర శాతం, అంటే దాదాపు 499 మంది పొరపాటున పాజిటివ్ వస్తారు. మొత్తం 796 మంది. ఈ సంఖ్యను అలాగే రాస్తే వ్యాధి 0.8 శాతం మందికి ఉందని అవుతుంది, అసలు దానికి రెండున్నర రెట్లు. పాజిటివ్ వచ్చినవారిలో సగానికి పైగా ఆరోగ్యవంతులే. హెచ్‌ఐవీ నిర్ధారణకు ఒకే పరీక్షను నమ్మకుండా వేర్వేరు కిట్లతో వరుసగా పరీక్షించడం ఇందుకే.

సర్వేలో ఒకే పరీక్ష చేసి ఉంటే దిద్దుబాటుకు ఒక తేలిక సూత్రం ఉంది. కనిపించిన నిష్పత్తికి స్పెసిఫిసిటీని కలిపి 1 తీసివేయాలి. వచ్చినదాన్ని, సెన్సిటివిటీ స్పెసిఫిసిటీల మొత్తం నుంచి 1 తీసివేయగా మిగిలినదానితో భాగించాలి. పై ఉదాహరణలో 0.00796కు 0.995 కలిపి 1 తీసేస్తే 0.00296 వస్తుంది. దాన్ని 0.985తో భాగిస్తే 0.003, అంటే అసలైన 0.3 శాతం తిరిగి వస్తుంది. వ్యాధి అరుదైనదయ్యేకొద్దీ ఈ దిద్దుబాటు అవసరం పెరుగుతుంది.

రక్తహీనత లెక్కల్లోనూ పరీక్ష ప్రభావం ఉంది. 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వే 15–49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత దేశంలో 57 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం అని చెప్పింది. అందులో వేలి కొన నుంచి తీసిన రక్తపు బొట్టును చేతిలో పట్టే యంత్రంతో పరీక్షించారు. వేలిని గట్టిగా పిండితే రక్తంలో కణజాల ద్రవం కలిసి ఫలితం మారుతుంది. సిర నుంచి తీసిన రక్తంతో ప్రయోగశాలలో చేసిన సర్వేలకూ దీనికీ ఫలితాలు కలవవు. కాబట్టి ఒక సర్వేతో మరొక సర్వేను పోల్చే ముందు ‘రక్తం ఎక్కడి నుంచి తీశారు’ అన్నది కూడా చూసుకోవాలి.

నిర్వచనం సంగతీ అంతే. దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి అని చెప్పాలంటే మూత్రపిండాల లోపం కనీసం మూడు నెలలకు పైగా కొనసాగాలి. కిడ్నీ వ్యాధి ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం లాంటి ప్రాంతంలో ఒక్కరోజు శిబిరంలో సీరం క్రియాటినిన్ (కిడ్నీల పనితీరును సూచించే రక్తపరీక్ష) చూసి, ఎక్కువగా ఉన్న అందరినీ కిడ్నీ రోగుల ఖాతాలో వేస్తే, ఎండలో పనిచేసి ఒంట్లో నీరు తగ్గిపోయి ఆ రోజు మాత్రమే క్రియాటినిన్ పెరిగినవారు కూడా అందులో చేరిపోతారు. ఉద్దానం బాధ నిజమైనది, అక్కడి కుటుంబాలు తరతరాలు దాన్ని మోస్తున్నాయి. ఆ బాధకు తగ్గ వైద్యం, నీరు, నిధులు అడగాలంటే లెక్క ఎవరూ వేలెత్తి చూపలేనంత గట్టిగా ఉండాలి. మూడు నెలల తర్వాత రెండోసారి పరీక్షించిన అధ్యయనాల సంఖ్యలనే వాడమని చెప్పేది అందుకే.

సంఖ్యతో పాటు దాని హద్దులు

శాంపిల్ నుంచి వచ్చిన ఏ అంచనాకైనా అటూ ఇటూ హద్దులుంటాయి. 10,000 మందిని పరీక్షిస్తే 170 మందికి వ్యాధి ఉందనుకుందాం, అంటే 1.7 శాతం. 0.017ను 0.983తో గుణించి, 10,000తో భాగించి, వర్గమూలం తీస్తే 0.0013 వస్తుంది. దాన్ని 1.96తో గుణిస్తే సుమారు 0.0025. కాబట్టి 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్, అంటే అంచనాకు అటూ ఇటూ ఉండే హద్దులు, 1.45 నుంచి 1.95 శాతం వరకు. అయితే ఈ సూత్రం జనాభా మొత్తం నుంచి ఒక్కొక్కరినీ విడివిడిగా లాటరీ తీసినప్పటిది. మన సర్వేలు ముందు ఊళ్లను ఎంచి, ఆ ఊళ్లలో మనుషులను ఎంచుతాయి. ఒక ఊరివారు ఒకరికొకరు పోలి ఉంటారు కనుక 10,000 మంది ఇచ్చే సమాచారం అంతకన్నా తక్కువ మంది ఇచ్చేదానితోనే సమానం. ఈ క్లస్టర్ ప్రభావం వల్ల వేరియెన్స్ (పైన వర్గమూలం తీయకముందు వచ్చిన విలువ) రెట్టింపు అయిందనుకుంటే ఇంటర్వెల్ 1.34 నుంచి 2.06 వరకు విస్తరిస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో సర్వే కమాండ్లు వాడకుండా మామూలు కమాండ్‌తో ఇంటర్వెల్ తీసినవారు చేసే తప్పు ఇదే.

రెండు రాష్ట్రాల మధ్య పోటీలు పెట్టే వార్తల్లో ఈ హద్దులు మాయమైపోతాయి. ఎంపిక చేసిన ప్రాంతాల్లో జనన మరణాలను లెక్కించే ప్రభుత్వ శాంపిల్ రిజిస్ట్రేషన్ వ్యవస్థ 2018–20 లెక్కల ప్రకారం లక్ష సజీవ జననాలకు మాతృమరణాలు దేశంలో 97, తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45, కేరళలో 19. మాతృమరణం అరుదైన ఘటన కావడం వల్లనే మూడేళ్ల సమాచారాన్ని కలిపి ఈ సంఖ్యను తీస్తారు. అప్పటికీ ఒక్కో రాష్ట్రంలో శాంపిల్‌లో దొరికే మరణాలు కొద్దే. 43కూ 45కూ మధ్య తేడాను ఆ హద్దులు పూర్తిగా మింగేస్తాయి, కనుక తెలంగాణ ముందుందని గానీ ఆంధ్రప్రదేశ్ వెనకబడిందని గానీ ఆ అంకెలతో చెప్పలేం. రెండూ దేశ సగటు కన్నా బాగా తక్కువగా ఉన్నాయని మాత్రం ధైర్యంగా చెప్పవచ్చు.

నమూనా సర్వే కాకుండా గణిత మోడల్ నుంచి వచ్చిన అంచనాలకు ఇంకొక పొర ఉంటుంది. 2020, 2021 సంవత్సరాల్లో కోవిడ్ కాలపు అదనపు మరణాలు భారతదేశంలో దాదాపు 47 లక్షలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. 2021 చివరికి అధికారికంగా నమోదైన కోవిడ్ మరణాలు సుమారు 4.8 లక్షలు. భారత ప్రభుత్వం ఆ మోడల్‌ను అంగీకరించలేదు. ఈ రెండు సంఖ్యలు కొలిచేవి వేరు: ఒకటి ఏ కారణం వల్లనైనా మామూలు కన్నా ఎక్కువగా జరిగిన మరణాలు, మరొకటి పరీక్షలో తేలి నమోదైన కోవిడ్ మరణాలు. వాటిని వాడేవారు రెండింటినీ, ప్రభుత్వ అభ్యంతరాన్నీ కలిపి చెప్పాలి.

హారం దగ్గర జాగ్రత్త

రేటు కట్టేటప్పుడు కేసులను భాగించే జనాభా సంఖ్యే హారం. ఇక్కడ మన రాష్ట్రాలకే ప్రత్యేకమైన చిక్కులున్నాయి. 2005–06 సర్వేలోని ‘ఆంధ్రప్రదేశ్’ ఉమ్మడి రాష్ట్రం. 2014 జూన్ 2 తర్వాత అదే పేరుతో ఉన్నది వేరే భూభాగం. రెండింటినీ ఒకే గ్రాఫ్‌లో కలిపితే ఆ గ్రాఫ్‌కు అర్థం ఉండదు. 2022 ఏప్రిల్‌లో పాత గుంటూరు జిల్లా నుంచి పల్నాడు, బాపట్ల విడిపోయాయి. కేసులు కొత్త గుంటూరువి తీసుకుని, జనాభా 2011 జనగణనలోని 48.9 లక్షలు తీసుకుంటే రేటు అమాంతం పడిపోయినట్టు కనిపిస్తుంది. తెలంగాణలో 2016 తర్వాతి జిల్లాలకూ ఇదే జాగ్రత్త అవసరం. 2011 జనాభానే వాడక తప్పనప్పుడు మండలాల వారీగా కూడి కొత్త జిల్లా హారాన్ని తయారుచేసుకోవాలి, ఆ సంగతి మెథడ్స్ భాగంలో రాయాలి.

మిలియన్‌ను లక్షల్లోకి మార్చేటప్పుడు సున్నాలు ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టుకోవాలి. పది లక్షలు ఒక మిలియన్ అన్నది అందరికీ తెలిసినా, డెస్క్‌లో తొందరలో 2.5 మిలియన్ 2.5 లక్షలుగా అచ్చవుతుంటుంది.

అంచనాను మీ అధ్యయనానికి పునాదిగా వాడేటప్పుడు

థీసిస్ ప్రోటోకాల్‌లో శాంపిల్ సైజు కోసం నాలుగు పీక్యూను ఎల్ స్క్వేర్‌తో భాగించే సూత్రం మన కళాశాలల్లో అలవాటు. పీ అంటే వ్యాధి ఉంటుందనుకున్న శాతం, క్యూ అంటే వందలో మిగిలిన శాతం, ఎల్ అంటే కావాల్సిన కచ్చితత్వం. రక్తహీనత 57 శాతం అనుకుని, ఐదు శాతం పాయింట్ల కచ్చితత్వం కావాలంటే 4 × 57 × 43ను 25తో భాగిస్తే 393 మంది కావాలి. ఇక్కడ ఇబ్బంది లేదు. ఇదే ఐదును 2 శాతం మందికి ఉండే వ్యాధికి పెడితే 4 × 2 × 98ను 25తో భాగించగా 32 వస్తుంది. 32 మందిలో ఒక్క రోగి కూడా దొరకకపోవడానికి సగానికి పైగా అవకాశం ఉంది. 2 శాతానికి అటూ ఇటూ ఐదు పాయింట్లు అనడంలోనే అర్థం లేదు. అర శాతం పాయింటు కచ్చితత్వం పెట్టుకుంటే 3,136 మంది కావాలి. క్లస్టర్ ఎంపిక కోసం దాన్ని రెట్టింపు చేసి, పదిమందిలో ఒకరు ఒప్పుకోరని లెక్కవేస్తే 6,969 అవుతుంది. ఒక పీజీ విద్యార్థి ఒంటరిగా అది చేయలేరు. అప్పుడు అధ్యయనం ప్రశ్నను మార్చుకోవాలి. ఎల్ విలువను మార్చి శాంపిల్‌ను కుదించడం పరిష్కారం కాదు.

ఆ ‘పీ’ విలువ ఎక్కడినుంచి తెచ్చారన్నదీ ముఖ్యమే. మీరు చేయబోయేది గ్రామ సర్వే అయితే ఆసుపత్రి అధ్యయనంలోని శాతం పనికిరాదు. గుంటూరు ఉదాహరణలో సెంటినల్ శాతాన్ని పీగా, అందులో ఒక నిర్ణీత వంతును ఎల్‌గా పెట్టుకున్నవారు నిజమైన శాతానికి అవసరమైన దానికన్నా చిన్న శాంపిల్‌తో మొదలుపెట్టేవారు.

చివరికి వాక్యంలో పెట్టేటప్పుడు

సంఖ్యతో పాటు సంవత్సరం, వయసు, ప్రాంతం, కొలిచిన తీరు, హద్దులు ఒకే వాక్యంలో ఇమడాలి. ‘తెలంగాణ మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత’ అని రాసేబదులు, ‘2019–21 కుటుంబ ఆరోగ్య సర్వేలో వేలి కొన రక్తంతో పరీక్షించినప్పుడు తెలంగాణలో 15–49 ఏళ్ల మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత కనిపించింది’ అని రాయాలి. ముప్పు తగ్గిందనేటప్పుడు సగానికి తగ్గిందనడంతో ఆపకుండా, వెయ్యిమందిలో ఇద్దరి నుంచి ఒకరికి తగ్గిందని కూడా చెప్పాలి. మరొకరి అంచనాను ఉటంకిస్తున్నప్పుడు, దాన్ని ఉటంకించిన వ్యాసాన్ని కాకుండా మూల నివేదికను తెరిచి చూడాలి. చాలా సంఖ్యలు రెండు మూడు చేతులు మారేసరికి తమ వయోపరిమితినీ సంవత్సరాన్నీ పోగొట్టుకుంటాయి.

మీ సొంత ఫలితాలకు వస్తే, శాంపిల్ చిన్నదైనప్పుడు శాతాల కన్నా అసలు సంఖ్యలే ముందు రాయండి. 60 మందిలో 26 మందికి లక్షణం ఉంటే కంప్యూటర్ 43.33 శాతం అని చూపిస్తుంది. ఒక్క మనిషి అటుదిటు అయితే ఆ శాతం 1.67 మారుతుంది కాబట్టి దశాంశం తర్వాతి 33కు విలువ లేదు. పట్టికలో 60లో 26, సుమారు 43 శాతం అని రాసి, పక్కన ఇంటర్వెల్ ఇస్తే సరిపోతుంది.